కాఫీ కోతల్లో వియత్నాం

ఆ ఉదయం సోములమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది: దిసారి భీముడి ఇంటికి వెళ్లి ప్రయాణానికి మంచి రోజు అడిగి రావడం. అనంతగిరి కొండల్లోని ఆ ఊరికి విత్తనమైనా, పెళ్లయినా ముహూర్తం చెప్పేది దిసారే. విశాఖలో నర్సుగా పనిచేసే కూతురు బేబి, తల్లికి వియత్నాం చూపించాలని టికెట్లు కొన్నది. సెలవు దొరికింది కాఫీ కోతల కాలంలోనే. ఇప్పుడు తప్పితే మళ్లీ ఎప్పుడో చెప్పలేరు. భర్త పోయాక తోట విడిచి కదలని సోములమ్మ ఈ ఒక్కసారి కదలాలని నిశ్చయించుకున్నది.

సంగతి ఎవరికీ చెప్పకూడదని కూడా నిశ్చయించుకున్నది. దానికి కారణం ఉంది. కిందటేడు తల్లీకూతుళ్లు విశాఖ జూకు బయలుదేరితే, విన్న సగం ఊరు జీపెక్కింది. బేబి రోజంతా తప్పిపోయిన బంధువులను వెతికిందే తప్ప ఒక్క జంతువునూ చూడలేదు. అందుచేత పాస్‌పోర్టు పనిమీద విశాఖ వెళ్లినప్పుడు సైతం సోములమ్మ, ఒంట్లో బాగోక చూపించుకోవడానికి వెళ్తున్నట్టు చెప్పింది.

"దూరమేనా?" అన్నాడు భీముడు.

"దూరమే మామా. బేబి దగ్గరుండి తీసికెల్తంది."

"పళ్లు ఎర్రబడిపోనాయి కదే! కోత ఎవులు సేత్తారు?"

"రాల్తే రాల్తాయి. ఇప్పుడెల్లకపోతే నాను మరెల్లలేను."

భీముడు నిశ్చేష్టుడయ్యాడు. ప్రాణం మీదికి వస్తే తప్ప, పండిన కాఫీని చెట్టుమీద వదిలి కదిలే మనిషి ఆ కొండల్లో లేదు. పైగా మొన్న విశాఖలో చూపించుకోవడం, పైగా నర్సు కూతురు, పైగా ఈ ఆఖరి మాట. అతడి తర్కంలో దోషం లేదు. దోషమంతా ఆధారాల్లోనే ఉంది.

"రేపే ఎల్లిపో. బేగి ఎల్లిపో," అన్నాడు, వేళ్ల మీద లెక్కయినా కట్టకుండా.

బేబి వచ్చేది మర్నాడే కనుక సోములమ్మ సంతోషంగా ఇంటికి వచ్చింది.

జబ్బుపడిన ఇంటి కోతను ఊరంతా కలిసి కోయడం అక్కడి ఆచారం. మర్నాడు ఆమె తలుపు తీసేసరికి తోట నిండా మనుషులు, బుట్టల నిండా పళ్లు. గుమ్మంలో మరిది మంగరాజు, కర్రకు దుప్పటి కట్టిన డోలీతో నిలబడి ఉన్నాడు. జీపు దొరికే రోడ్డు దాకా రోగులను మోసుకుపోయేది అందులోనే.

"ఏటిది మంగరాజూ?"

"మాటాడకు ఒదినా, ఆయాసమొస్తాది."

"నాకు ఆయాసమేటి?"

"అయ్యో, అదీ తెలీడం లేదు!" అని పక్కింటి రత్నాలు కొంగు నోట్లో కుక్కుకున్నది.

నిజం చెబితే ఆ బుట్టల ముందు తల ఎత్తుకోలేదు. చెప్పకపోతే డోలీ ఎక్కాలి. సోములమ్మ రెండూ తూచి చూసుకుని, డోలీ ఎక్కింది.

సగం దారిలో, కొత్త సూట్‌కేసు మోసుకుంటూ కొండెక్కుతున్న బేబి ఎదురైంది. డోలీలో తల్లిని చూసి కెవ్వుమని సూట్‌కేసు వదిలేసింది. అది వాలులో దొర్లిపోయింది. బేబి పరుగున వచ్చి తల్లి చేయి పట్టుకుని నాడి చూసింది.

"నాడి బాగానే ఉందే! మరి ఈ డోలీ ఏటి? రేపు వియత్నాం ఎల్లాలి కదమ్మా!"

"అది ఏ ఆస్పత్రే?" అన్నాడు మంగరాజు.

"ఆస్పత్రి కాదు సిన్నాన్నా, దేశం. సూడ్డానికి ఎల్తన్నాం."

డోలీ నేలకు దిగింది. మెల్లగా మాత్రం దిగలేదు.

సోములమ్మ దుప్పటిలోంచి లేవకుండానే, "ఒద్దులే బేబీ, ఇంటికి పోదాం. నాకా రాత లేదు," అన్నది.

"అంత సూడాల్సినవి ఏటున్నాయే అక్కడ?" అన్నాడు మంగరాజు, కోపం ఇంకా దిగకుండానే.

బేబి భయంభయంగా ఫోను తీసింది. "సముద్రం, గుహలు... ఆఖరి రోజు కాఫీ తోట. బుట్ట ఇస్తారంట సిన్నాన్నా. పళ్లు మనమే కోయాలంట."

ఆ ఉదయమంతటిలో సోములమ్మ నిజంగా జబ్బుమనిషిలా కనిపించింది అప్పుడే. "కోతా?" అన్నది పాలిపోయిన ముఖంతో.

మంగరాజు వదినను చూసి, కర్రమీదికి ఒరిగి పకపకా నవ్వాడు. "లెగు ఒదినా, ఎల్లి కోసిరా. మేం కోసినందుకు నువ్వొచ్చి మా తోటలూ కొయ్యాల. ఈ గుంట బేబి కూడా."

ఎత్తిన డోలీని సగం దారిలో ఖాళీగా తిప్పకూడదన్నాడు వెనకే వచ్చిన భీముడు. కనుక వాలులోంచి తెచ్చిన సూట్‌కేసు రోడ్డు దాకా డోలీలో వెళ్లింది. సోములమ్మ దాని వెనక నడిచింది.

వియత్నాంలో ఆఖరి రోజున, కాఫీ పండు ఎలా కోయాలో గైడు ఆమెకు ఓపికగా నేర్పాడు; ఆమె శ్రద్ధగా నేర్చుకున్నది.