అనుబంధం నాలుగు: పొర ఒకటి

ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు, బయట సన్నని తుంపర పడుతూ గాలి బొత్తిగా స్తంభించిన వేళ, దృశ్యవిద్యా సంస్థ సంచాలకులు తమ గదిలో ఒక చారిత్రక ప్రకటన చేశారు: “నేటితో చలనచిత్రం సామాన్యుడి జేబులోకి వచ్చేసింది!”

నిజానికి అది వచ్చింది సంచాలకుల బల్ల మీదికి. అగ్గిపెట్టెకు అన్నగారిలా ఉన్న చిన్న వీడియో కెమెరా! చవకైనది, జేబులో పట్టేది, ఎన్నడూ కెమెరా ముట్టనివారి కోసం తయారైనది. నచ్చితే కొత్త విద్యార్థుల కోసం రెండు వందలు తెప్పిస్తారు. నచ్చిందో లేదో తేల్చడానికి ఇద్దరు సభ్యుల సంఘం ఏర్పడింది. అధ్యక్షులు సంచాలకులు, నిపుణులు సంచాలకుల బావమరిది. ఈ రెండో ఆయన నైపుణ్యానికి ఆధారం, బంధువుల పెళ్లి వీడియోలన్నింటిలోనూ ఆయన ముందు వరసలో కనిపించడమే.

మూలన కూర్చున్న టైపిస్టు సంఘంలో సభ్యురాలు కాదు. అందుచేత సంఘం చేయవలసిన పనంతా ఆమెదే. తొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగం తాత్కాలికం. దాన్ని ఖాయం చేసే ఫైలు సంచాలకుల సొరుగులో ఉంది.

“అమ్మాయ్, ఈ నివేదిక ఇవాళ పూర్తయిందా, సాయంత్రం నీ ఫైలు మీద సంతకం పెట్టేస్తా. సరేనా?”

“అలాగే సార్.”

కెమెరాతోపాటు పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉంది. అట్ట మీద ‘కొత్తవారికి’ అని ఉండడంతో సంచాలకులు దాన్ని బావమరిది వైపు జరిపారు. తనకెవరో పాలసీసా అందించినట్టు బావమరిది దాన్ని ఎగాదిగా చూసి పక్కకు నెట్టాడు. ఆ విధంగా అది టైపిస్టు ఒడిలో పడింది. ఆమె చదివింది. మొదటి పేజీలో మొదటి వాక్యం: ‘కెమెరా కంటి మీద అంటించిన ప్లాస్టిక్ పొరను ముందుగా తీసివేయండి.’

ఆమె తలెత్తేసరికి బావమరిది అప్పటికే సంచాలకులను వీడియో తీస్తున్నాడు.

“సార్, ఒక్క మాట...”

“ఉండమ్మా! నిపుణులు పనిలో ఉన్నారు!”

తెర మీద బొమ్మ కనిపించింది. పొగమంచులో ముంచి తీసినట్టుంది. అందులో సంచాలకుల ముఖాన ముడతలు లేవు. గడ్డం కింది మడత మాయమైంది. జుట్టుకు వేసిన రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేరు.

“ఆహా! ఏం మృదుత్వం! ఖరీదైన కెమెరాల్లో కూడా ఇది రాదు కదయ్యా?”

“ఎలా వస్తుంది బావా... అదే, అధ్యక్షా! దీన్ని కళాత్మక ఆర్ద్రత అంటారు. మా వృత్తిలోవాళ్లకే తెలిసే మాట.”

“రాయమ్మా, రాయి!”

ఆమె రాసింది. ఆర్ద్రత మీద ఎనిమిది పేజీలయ్యాయి. ఇద్దరూ ప్రతి పేజీ మీదా సంతకాలు చేసి భోజనానికి వెళ్లారు.

సంచాలకుల వాక్యాల్లోని తప్పులను ఎవరికీ చెప్పకుండా దిద్దడం ఆమెకు తొమ్మిదేళ్ల అలవాటు. ఇదీ అలాంటి దిద్దుబాటే అనుకుని, గది ఖాళీగా ఉన్నప్పుడు పొరను గోటితో లాగేసింది. అయితే పెట్టెతో వచ్చిన దేన్నీ పారేయరాదన్నది కార్యాలయ నియమం. అందువల్ల ఆ పొరను ఒక నున్నటి కాగితానికి అంటించి, ‘అనుబంధం నాలుగు: పొర, ఒకటి’ అని రాసి ఫైలులో పెట్టింది.

భోజనానంతరం నివేదికకు జతపరచడానికి మరో వీడియో తీశారు. సంచాలకులు తెర మీదికి వంగి చూశారు.

“ఎవరయ్యా ఈ ముసలాయన?”

బావమరిది తెరనూ బావనూ మార్చి మార్చి చూశాడు. ఆ ముసలాయన తొడుక్కున్న చొక్కా, సంచాలకులు తొడుక్కున్న చొక్కా ఒకటే.

“చెడిపోయింది!” సంచాలకులు గావుకేక పెట్టారు. “పూటైనా తిరక్కుండా చెడిపోయింది! ఆ ఆర్ద్రత ఏమైంది?”

“ఎవరో చెయ్యి పెట్టారు బావా! కుట్ర!”

టైపిస్టు లేచి నిలబడి పుస్తకం మొదటి పేజీ తెరిచింది. “సార్, ఇక్కడ రాసి ఉందండీ. పొర తీస్తేనే...”

“అంటే?” సంచాలకులు సొరుగులోంచి ఆమె ఫైలు తీసి బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించారు. “మేం సంతకాలు చేసిన ఎనిమిది పేజీలూ అబద్ధమంటావా, అమ్మాయ్?”

ఆమె ఆ అరచేతిని చూసింది. దాని కింద తన తొమ్మిదేళ్లను చూసింది. పుస్తకం మూసింది.

“కాదు సార్. చిన్న లోపం. ఇప్పుడే సరిచేస్తాను.”

వారికి వీపు తిప్పి, ఫైలులోంచి అనుబంధం నాలుగును ఊడదీసి, కెమెరా కంటికి తిరిగి అంటించింది. సంచాలకులకు మళ్లీ యవ్వనం వచ్చింది!

“చూశావటయ్యా! నువ్వేమో నిపుణుడివి, బాగుచేసింది ఈవిడ!” అంటూ ఆమె ఫైలు మీద సంతకం చేశారు. నివేదికకు చివరి వాక్యం కూడా ఆయనే చెప్పి రాయించారు: ‘విద్యార్థులు ఏ కారణం చేతనూ కెమెరా కంటిని ముట్టరాదు.’ రెండు వందల కెమెరాలూ వచ్చాయి. వాటి పుస్తకాలను మాత్రం, కొత్తవారిని అయోమయానికి గురిచేస్తాయన్న కారణంతో, బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవిని ఆమెకే అప్పగించారు.

పదిహేడేళ్ల తర్వాత ఆమె ఆ సంస్థ పరికరాల అధికారిగా పదవీ విరమణ చేసింది. ఆ సభలో ఆ రెండు వందల్లోని ఒక కెమెరాతో తీసిన వీడియోలో ఆమె ముఖాన ఒక్క ముడత కూడా లేదు.