కిరణాన్ని మింగే పూత

ఆ ఉదయం డెల్బర్ట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వ్యాన్ దీపాలకు నల్లపూత పూయాలి, అది ఆరేలోగా కాఫీ తాగాలి, ఆపైన పక్కింటి సలోమా పెద్దమ్మనూ ఆమె ఇద్దరు కోడళ్లనూ బొంతల వేలానికి తీసుకెళ్లాలి. పెద్దమ్మ వాళ్లు పాతకాలపు పద్ధతుల్ని వదలని ఆమిష్ మతస్థులు, గుర్రబ్బండి తప్ప కారు తోలరు. దూరం వెళ్లాలంటే వాళ్లకు డెల్బర్ట్ వ్యానే దిక్కు, డెల్బర్ట్ పొట్టకు వాళ్ల ప్రయాణాలే దిక్కు. ఇంకొక్కసారి వేగంగా పోతూ దొరికితే లైసెన్సు రద్దవుతుంది.

"మెల్లగా నడపొచ్చుగా?" అంది భార్య.

"అదో ఉపాయమా! పోలీసు లేజర్ గన్ కిరణం దీపం మీద పడి వెనక్కి పోతేనే వాళ్లకి మన వేగం తెలిసేది. ఈ పూత కిరణాన్ని మింగేస్తుందట. కొట్టువాడు ఒట్టేసి చెప్పాడు."

కాఫీ తాగి వచ్చేసరికి పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒళ్లో బీట్‌రూట్ రసంలో ఊరిన కోడిగుడ్ల సీసా. డెల్బర్ట్ హుషారుగా బయలుదేరాడు.

వంతెన దగ్గర పోలీసు డిప్యూటీ కర్టిస్ లేజర్ గన్ చేతపట్టి నిలబడ్డాడు. డెల్బర్ట్ వేగం తగ్గించలేదు. కర్టిస్ కదల్లేదు! నమ్మకం కుదరక డెల్బర్ట్ వ్యాన్ తిప్పి ఇంకా వేగంగా వెళ్లాడు. అప్పుడూ అంతే.

"వేలం అటు కదా నాయనా, ఇటెందుకు?" అంది పెద్దమ్మ.

"పరీక్ష పెద్దమ్మా, పరీక్ష!"

వెనక కోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మూడోసారి కర్టిస్ చెయ్యెత్తాడు. డెల్బర్ట్ బ్రేకు తొక్కగానే సీసా మూత ఊడి, ఎర్రటి రసమంతా అతని చొక్కా మీద పడింది.

"బాబాయ్! రక్తం! అంబులెన్సు పిలవనా?" అంటూ కర్టిస్ పరిగెత్తుకొచ్చాడు.

"రక్తం కాదురా, బీట్‌రూట్! ముందు ఒప్పుకో, నా పూతకి నీ గన్ గుడ్డిదైంది కదూ?"

"ఏం పూత? గన్ బ్యాటరీ పొద్దున్నే చచ్చిపోయింది. అటూ ఇటూ తిరుగుతుంటే దారి తప్పావేమోనని ఆపాను."

డెల్బర్ట్ దిగి చూశాడు. దీపాలు తళతళలాడుతున్నాయి.

"మసి పట్టాయని నేనే తుడిచాను నాయనా," అంది పెద్దమ్మ. "రోజూ లాంతరు గాజులు తుడిచే చెయ్యి కదా, ఊరుకోలేదు. నా గుడ్డంతా నల్లగా అయింది."

కర్టిస్ నవ్వాపుకున్నాడు. "పూత ఉన్నా నువ్వు కాస్త దగ్గరికొచ్చాక దొరికేవాడివే బాబాయ్. ముందు బంపర్ అద్దంలా మెరుస్తుంటే దీపాలు దాచి ఏం లాభం? సరే, వేగంగా వచ్చావని నువ్వే ఒప్పుకున్నట్టేగా! పెద్దమ్మా, మీరు అబద్ధం ఆడరు. ఎంత వేగంలో వచ్చాడు?"

డెల్బర్ట్ కళ్లు మూసుకున్నాడు.

పెద్దమ్మ సీసాకు మూత బిగించింది. "మా గుర్రం కన్నా వేగంగానే వచ్చాడు."

"గుర్రం ఎంత వేగం?"

"అది ముసలిదైంది బాబూ. ఈ మధ్య నిలబడే ఉంటోంది."

కర్టిస్ చలానా రాయకుండానే కలం జేబులో పెట్టుకున్నాడు. డెల్బర్ట్ వేలం దాకా ఎంత మెల్లగా నడిపాడంటే, దారిలో రెండు గుర్రబ్బండ్లు వ్యాన్‌ను దాటిపోయాయి.

మిగిలిన పూత డబ్బాను పెద్దమ్మ అడిగి తీసుకుని తన పాత ఇనుప పొయ్యికి పూసుకుంది. పోలీసులు ఇంతవరకు ఆ పొయ్యిని పట్టుకోలేకపోయారు.