గ్రహణ భద్రతా సంఘం గ్రూపు ఫోటో

"సూర్యగ్రహణమును ఎవ్వరునూ కంటితో నేరుగా చూడరాదు. అయిననూ ఎల్లరునూ తప్పక చూడవలెను. చూచినట్లు ఫోటో జతపరచవలెను."

జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన ఈ ఉత్తర్వును హెడ్మాస్టరు దొరబాబుగారు స్టాఫ్ రూములో రెండుసార్లు చదివారు. మొదటిసారి అర్థం చేసుకోవడానికి, రెండోసారి అర్థం కాలేదని ఎవరికీ తెలియకుండా ఉండటానికి.

అది 1995 అక్టోబరు. దీపావళి మర్నాడు పొద్దున్నే గ్రహణం. మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే తగిలే ఆ ఊరి హైస్కూలుకి చాలా ఉత్తర్వులు వచ్చాయి గానీ, సూర్యుడితో పని పెట్టుకున్న ఉత్తర్వు రావడం అదే మొదలు. సాయంత్రానికల్లా "గ్రహణ వీక్షణ భద్రతా సంఘం" వెలిసింది. అధ్యక్షుడు పంచాయతీ ప్రెసిడెంటు గణేష్‌బాబుగారు. రొయ్యల చెరువుల ఆసామి. ఊళ్ళో ఏ సంఘం పెట్టినా మధ్య కుర్చీ ఆయనదే. కార్యదర్శి దొరబాబుగారు. కన్వీనరు సైన్సు మాస్టారు చంద్రరావు. కన్వీనరంటే పని చేసేవాడు.

చంద్రరావు మొదటినించీ మితభాషి. నిరుడు శ్రావణంలో భార్య మాణిక్యాంబ పోయాక ఆ కాస్త మాటా తగ్గింది. పాఠానికి మాత్రం లోటు రానివ్వలేదు.

పిల్లల కోసం రెండు వందల నల్ల కళ్ళజోళ్ళు పంపుతున్నామని పైనుంచి ఇంకో కాగితం వచ్చింది. కళ్ళజోళ్ళు రాలేదు. అవి అందినట్టు సంతకం పెట్టాల్సిన రసీదు మాత్రం వేళకి వచ్చింది.

"దానికేముందండీ," అన్నారు గణేష్‌బాబుగారు. "మా నాన్నగారి ఎక్స్‌రేలు పదహారున్నాయి. అన్నీ ఛాతీవే. మహానుభావుడు, పోయాక కూడా ఊరికి ఉపయోగపడతాడు."

చంద్రరావు ఒక ఎక్స్‌రేని కిటికీకి అడ్డంగా పట్టుకుని చూశాడు. "పక్కటెముకల దగ్గర వెలుతురు దిగిపోతోందండీ. నల్లగా ఉన్నచోటైనా నమ్మకం లేదు. ఇవి పిల్లల చేతికి ఇవ్వను."

"మరి పిల్లలు చూడకపోతే ఎలాగండీ? ఎల్లరునూ అని ఉంది కదా," అన్నారు దొరబాబుగారు.

"చూస్తారండీ. సూర్యుడికి వీపు పెట్టి చూస్తారు."

స్కూలు వెనక, బడి ఊడ్చే తలుపులమ్మ పాక ఉంది. దాని తాటాకు కప్పు మూడు వానలకి జల్లెడైపోయింది. మామూలు రోజుల్లో ఒక్కో చిల్లులోంచి ఒక్కో గుండ్రటి వెలుగు నేల మీద పడుతుంది. గ్రహణం రోజున ఆ వెలుగులన్నీ ఒక పక్కనించి తరుగుతూ వచ్చి, అలికిన నేలంతా నెలవంకలైపోయింది. పిల్లలు పదేసి మంది చొప్పున లోపలికి వెళ్ళి, వాటిని చేతుల మీద, జేబుల మీద పట్టుకుని ఆడారు. తలుపులమ్మ గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళని లెక్కపెట్టింది.

దొరబాబుగారు కూడా తొంగి చూసి పెదవి విరిచారు. "బాగానే ఉంది గానీ, దీన్ని ఫోటో తీస్తే మనమందరం నేలచూపులు చూస్తున్నట్టు పడుతుందండీ. సంఘానికి బాగుండదు."

అందుకని సంఘం గ్రూపు ఫోటో ఆటస్థలంలో ఏర్పాటైంది. వెనక గుడ్డ బ్యానరు కట్టారు: సూర్యుణ్ణి నేరుగా చూడరాదు. దాని ముందు ముగ్గురూ ఎక్స్‌రే ముక్కలు కళ్ళకి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి తలెత్తారు. నరసాపురం నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు లోవరాజు కెమెరా దించేశాడు.

"ముఖాలు పడట్లేదండీ."

"ముఖం లేకపోతే అది నేనని ఎవరికి తెలుస్తుందయ్యా?" అన్నారు గణేష్‌బాబుగారు.

"ఆ ముక్కలు కాస్త గడ్డం కిందకి దింపి పైకి చూడండి. ఒక్క నిమిషం."

చంద్రరావు వెనకనున్న బ్యానరు వైపు చెయ్యి చూపించాడు.

"అది ప్రజలకండీ, సంఘానికి కాదు," అన్నారు దొరబాబుగారు.

ముక్కలు గడ్డాల కిందకి దిగాయి. చంద్రరావు మాత్రం కళ్ళు దించుకున్నాడు.

"మాస్టారు కళ్ళు మూసేసుకున్నారండీ. ఇంకోటి తీద్దాం," అన్నాడు లోవరాజు. పెద్దలిద్దరూ మళ్ళీ సూర్యుణ్ణి చూశారు. చంద్రరావు మళ్ళీ దించుకున్నాడు. మూడోసారీ అంతే. తను కళ్ళు దించిన ప్రతిసారీ వాళ్ళిద్దరూ ఇంకాసేపు చూడాల్సి వస్తోందని చంద్రరావుకి అర్థమైంది. ఇలా అయితే ఇది తెమలదు. నాలుగోసారి తనూ తలెత్తాడు. లోవరాజు తీరిగ్గా వెలుతురు సరిచూసుకుని నొక్కాడు. ఫోటో దివ్యంగా వచ్చింది.

మర్నాడు పొద్దున్న చంద్రరావు రోజూలాగే మాణిక్యాంబ ఫోటో ముందు నిలబడ్డాడు. చట్రం కనిపించింది. గంధపు దండ కనిపించింది. ముఖం ఉండాల్సిన చోట రూపాయి బిళ్ళంత మసక. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చూపు జరిపితే మసక కూడా జరిగింది. పక్కనున్న మేకుని చూస్తే, ఓరగా ఆమె కనిపించింది. చూద్దామని తిరిగేసరికి లేదు.

బళ్ళో బోర్డు మీద ఏ అక్షరం రాస్తే ఆ అక్షరమే కనబడలేదు. అటూ ఇటూ ఉన్నవి కనిపించాయి. పాలకొల్లులో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఒక్క రోజు లీవు ఇప్పించమని హెడ్మాస్టరుగారిని అడిగాడు.

దొరబాబుగారు గోడ గడియారం వైపు చూస్తూ అన్నారు. "భద్రతా సంఘం కన్వీనరు కళ్ళాసుపత్రికి వెళ్తే పరువేంటండీ? ముందు రిపోర్టు పంపండి. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదని రాయండి. లీవు సంగతి తర్వాత."

రాద్దామని కూర్చుంటే కలం ముల్లు కనబడదు. తలుపులమ్మ ఆ మధ్యనే వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకుంది. ఒక్కో అక్షరం ఉసిరికాయంత రాస్తుంది. చంద్రరావు ఆమెని పిలిచి చెప్పడం మొదలుపెట్టాడు. "ఎవరికీ..." దగ్గర ఆగిపోయాడు.

"మాస్టారండీ, మీరు నన్ను సూత్తన్నారా, నా ఎనకమాల గోడని సూత్తన్నారా?"

"నిన్ను చూస్తే నువ్వు కనబడవు తలుపులమ్మా. గోడని చూస్తే కనబడతావు."

"అలాగా. హెడ్మాస్టారు నిన్నట్నించి గడియారంతోనే మాటాడతన్నారు. పొద్దున్న ప్రెసిడెంటుగారైతే మా గేదెకి నమస్కారం పెట్టారండి. అది కూడా తల ఊపింది, ఏం సేత్తది." కలం పక్కన పెట్టింది. "నాసేత అబద్ధం రాయించకండి బాబూ. రాత నేర్సుకున్నాక ఇదే నా మొదటి కాయితం."

చంద్రరావు చాలాసేపు గోడని చూశాడు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాడు. ఈ రిపోర్టు చూస్తే హెడ్మాస్టరూ, ప్రెసిడెంటూ ఇద్దరూ చింపి పారేస్తారని తెలుసు. లీవు రాదనీ తెలుసు. అయినా తీసుకెళ్ళి ఇద్దరి ముందూ బల్ల మీద పెట్టాడు.

"చదివి సంతకం పెట్టండి."

దొరబాబుగారు కాగితం చేతిలోకి తీసుకున్నారు. తగినంతసేపు తల పైనుంచి కిందకి ఆడించారు. "భాష బాగుందండీ," అని గణేష్‌బాబుగారికి అందించారు.

"ముఖ్యంగా ఆ ఆఖరి వాక్యం," అన్నారు గణేష్‌బాబుగారు. "మన సంఘం ఏంటో ఆ ఒక్క ముక్కలో తెలిసిపోతుంది."

ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఒకటి తారీఖు మీద పడింది. రెండోది కాగితం మీద మొదలై బల్ల మీద పూర్తయింది. చంద్రరావు సిరాబుడ్డి వైపు చూస్తూ ఆ సంతకాలని చూశాడు.

పైకి వెళ్ళే రిపోర్టుని సోమవారం ప్రార్థనలో చదివించడం ఆ బడి ఆనవాయితీ. పెద్దలు ప్రెసిడెంటుగారు చదువుతారని దొరబాబుగారు అన్నారు. ప్రెసిడెంటుగారు తనకి గొంతు పట్టేసిందనీ, హెడ్మాస్టారే చదవాలనీ అన్నారు. మీరుండగా నేనా అన్నారు ఈయన. కాగితం ఇద్దరి మధ్యా మూడుసార్లు తిరిగింది.

"రాసిన మనిషి చదివితే మర్యాదగా ఉంటుందండీ," అన్నాడు చంద్రరావు.

తలుపులమ్మ చీపురు గోడకి చేర్చి, కొంగుకి చేతులు తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.

"గ్రహణాన్ని నూట నలభై మంది పిల్లలు తలుపులమ్మ పాకలో నేల మీద చూశారు. అందరి కళ్ళూ బాగున్నాయి. సంఘం వారు ముగ్గురూ ఫోటో కోసం సూర్యుణ్ణి నేరుగా చూశారు. ఇప్పుడు ఆ ముగ్గురికీ ఎదుటి మనిషి ముఖం కనబడటం లేదు."

చదివి, కింద సంతకాలు కూడా ఉన్నాయండి అని చూపించింది.

పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వితే దెబ్బలు పడతాయని తెలిసిన పిల్లలు. దొరబాబుగారికి చంద్రరావుని సూటిగా గుడ్లురిమి చూడాలనిపించింది. అందుకోసం ముఖం జెండా కర్ర వైపు తిప్పి, దాన్ని ఉరిమి చూశారు. చాలాసేపు చూశాక గొంతు తగ్గించి అన్నారు.

"లీవు శాంక్షనండీ. ముగ్గురికీ."

పాలకొల్లు బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో కూర్చున్నారు. దారిలో ఎవరైనా పలకరిస్తే పెళ్ళికని చెప్పాలని గణేష్‌బాబుగారు తీర్మానించారు.

డాక్టరు ఒక్కొక్కరి కంట్లోకీ లైటు వేసి చూశాడు. "లోపల రెటీనాకి నడిమధ్యన దెబ్బ తగిలిందండీ. దానికి నొప్పి తెలియదు. తెలిస్తే మనిషి అంతసేపు చూడడు. దీనికి మందు లేదు. చాలామందికి నెలల మీద కొంత తిరిగొస్తుంది, కొందరికి ఆ మచ్చ ఉండిపోతుంది. రోజులు గడవాలి, అంతే."

చంద్రరావు తలూపాడు. ఈ మందుచీటీ ఆయనకి కొత్త కాదు. నిరుడు పరామర్శకి వచ్చినవాళ్ళందరూ ఇదే రాసిచ్చారు.

"అసలు ఎలా చూశారండీ?" అని అడిగాడు డాక్టరు.

గణేష్‌బాబుగారు జేబులోంచి కవరు తీశారు. లోవరాజు కడిగించి, పెద్దది చేయించి ఇచ్చిన ఫోటో. డాక్టరు దాన్ని దీపం కిందకి జరుపుకున్నాడు. గడ్డాల కింద ఎక్స్‌రే ముక్కలు చూశాడు, ఆకాశంలోకి విప్పారిన మూడు జతల కళ్ళు చూశాడు, వెనక బ్యానరు మీది అక్షరాలు చదివాడు. మళ్ళీ మొదటినించీ చదివాడు.

గణేష్‌బాబుగారు కుర్చీ ముందుకి జరుపుకుని, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, ఆశగా అడిగారు.

"అందరి ముఖాలూ బాగా పడ్డాయాండీ?"