తవ్వని వీధి

ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో మునిసిపల్ ఇంజినీరు ఓబుళేశు తవ్వించని వీధి కడపలో పందిళ్ల వీధి తప్ప ఇంకొకటి లేదు. తవ్విన ప్రతిచోటా తిట్లు తిన్నాడు. ఇక మూడు నెలల్లో రిటైర్మెంటు. ఒక్క వీధిలోనైనా రోడ్డు పగలగొట్టకుండా కొత్త నీళ్ల పైపు వేసి ఇంటికి పోవాలని అతని ఆశ. అందుకే ఆ ఉదయం పందిళ్ల వీధికి రెండు కొసలా, మట్టినేలలో చెరొక గుంత తీయించి, తుప్పు పట్టిన పాత పైపు దారినే కొత్త పైపును మిషనుతో నేల లోపలే లాగించాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. సిమెంటు రోడ్డు మీద గీత కూడా పడలేదు. అదే కొంప ముంచింది.

"ఏమప్పా ఇంజినీరూ, పైపు యాడ ఏసినావు?" అంది వీధి పెద్ద సుబ్బరత్నమ్మ.

"నీ కాళ్ల కిందనే ఉండాదమ్మా."

"తవ్వకుండా పైపు ఎట్ల పోతాదప్పా? ఇట్లాంటివి శానా చూసినాం!"

ఓబుళేశు వివరించాడు. ఒకరికి చెబితే ఇంకొకరు వచ్చారు. అయిదోసారికి గొంతు బొంగురుపోయింది.

ఇంతలో సుబ్బరత్నమ్మ తమ్ముడు హనుమన్న వచ్చాడు. వేంపల్లె చుట్టుపక్కల బోరు వేయాలంటే పాయింటు చూసేది అతనే. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టి వీధంతా నడిచాడు. నీళ్లున్నచోట నిలబడాల్సిన టెంకాయ కదల్లేదు.

"లోపల ఏమీ లేదక్కా," అని తేల్చేశాడు.

"నీళ్లింకా వదల్లేదన్నా! టెంకాయ ఎట్ల లేస్తాది?" అని ఓబుళేశు మొత్తుకున్నాడు. వినేవాళ్లు లేరు. సుబ్బరత్నమ్మ కొడుకు చైతన్య అప్పటికే గడ్డపార ఎత్తాడు.

అతను ఇంటిముందు రోడ్డు పగలగొట్టి తీసిన గుంతలో నల్లటి కొత్త పైపు కనబడింది. ఓబుళేశు ఊపిరి పీల్చుకున్నాడు.

"మీ ఇంటి ముందర ఉండాది, సరే. మా ఇంటి ముందర?" అన్నాడు పక్కింటి కిరాణా కొట్టు రామకోటయ్య.

సాయంత్రానికి ఎవరి ఇంటిముందు వాళ్లు తవ్వుకున్నారు. గుంతా గుంతా కలిసి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే కాలువ. ఓబుళేశుకు అరిచే ఓపిక లేదు. అరుగు మీద కూలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చింది.

రెండ్రోజులకు కనెక్షన్లు కలిపి నీళ్లు వదిలారు. హనుమన్న టెంకాయ నిటారుగా నిలబడింది. సుబ్బరత్నమ్మ ఓబుళేశుకు శాలువా కప్పింది.

"పని అంటే ఇట్ల తవ్వి చేయాలప్పా!"

ఆఫీసుకు పోయి ఓబుళేశు పని పూర్తయిన కాగితం తీశాడు. 'మునిసిపాలిటీ తవ్విన రోడ్డు, మీటర్లలో' అన్నచోట కాసేపు చూసి, సున్నా చుట్టాడు.

ఓబుళేశు తవ్వించని వీధి కడపలో ఒకటి మిగిలింది.