గాలీ, నీరూ, నడవలో బీరువా

ఫెంగ్ షూయి వల్ల ఇళ్లు బాగుపడతాయా అని అనుమానపడేవాళ్లు ముందు లెంపలేసుకోండి! ఒక ఇల్లు బాగుపడింది. సాక్ష్యం ఉంది. సాక్షి ఆ ఇంటి ఇల్లాలే.

ఆవిడ స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రేలు తీస్తుంది. "కదలకండి, ఊపిరి బిగబట్టండి" అంటే చాలు, రోజుకు నలభై మంది, పోలీసు ఇన్‌స్పెక్టర్లతో సహా, నోరెత్తకుండా బిగబడతారు. సాయంత్రం ఇంటికొచ్చి "ఏమండీ, ఆ బీరువా కాస్త జరిపించండి" అంటే మాత్రం ఒక్క ప్రాణీ కదలదు. ప్రాణి అంటే భర్తగారే. బీమా ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు.

బీరువా సంగతేమిటంటే, అది పడగ్గదికీ బాత్రూముకీ మధ్య నడవలో సగం దారి మింగి కూర్చుంది. అత్తగారికి మోకాళ్లు అరిగిపోయాయి. ఆవిడా, చేతికర్రా, బీరువా ముగ్గురూ ఒకేసారి అక్కడ పట్టరు. అందుకని పెద్దావిడ కర్రను వదిలేసి గోడ పట్టుకుని వెళుతుంది. ఆరేళ్లుగా కోడలు చెబుతూనే ఉంది. ఆరేళ్లుగా ఆయన "చూద్దాంలే" అంటూనే ఉన్నారు. చూడడంలో ఎంత ఓపిక!

ఇంతలో ఆఫీసులో పక్క సీటాయనకు ప్రమోషన్ వచ్చింది. గుమ్మానికి గాలిగంటలు కట్టడం వల్లే వచ్చిందని ఆఫీసంతా తేల్చేసింది. పనిచేయడం వల్ల వచ్చిందంటే ఎవరు నమ్ముతారు చెప్పండి? ఆదివారానికల్లా మన ఆఫీసరుగారి ఇంట్లో ఫెంగ్ షూయి నిపుణుడు దిగాడు. మెళ్లో దిక్సూచి, చేతిలో టేపు, ముఖంలో విచారం.

ఇల్లంతా తిరిగి తల పంకించాడు. "మీ ఇంట్లో చీ సరిగ్గా తిరగడం లేదు సార్."

"తిరక్కేం నాయనా," అంది అత్తగారు మంచం మీంచి. "పొద్దున లేస్తే ఛీ, పడుకోబోతూ ఛీ. దానికేం లోటు మా ఇంట్లో!"

"అది కాదు పెద్దమ్మా. చీ అంటే ప్రాణశక్తి."

ప్రాణశక్తి కోసం మంచం అడ్డంగా తిరిగింది. దాంతో బట్టల అలమార జానెడే తెరుచుకుంటోంది. ఆఫీసరుగారు బోర్లా పడుకుని చెయ్యి దూర్చి, ఏ చొక్కా దొరికితే అది తొడుక్కుని ఆఫీసుకు వెళుతున్నారు. ఏం వేసుకోవాలా అన్న బెంగ తీరిపోయింది! సోఫా వీపు గోడకే ఆనాలన్నాడు నిపుణుడు. టీవీ ఉన్నదీ అదే గోడకు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ వార్తలు వింటారే తప్ప చూడరు. ఇంతకన్నా వరం ఏముంటుంది?

గుమ్మం దగ్గర నాణెం కరుచుకున్న మూడుకాళ్ల కప్ప వెలిసింది. కిటికీ దగ్గర వెదురుమొక్క వచ్చింది. కన్నతల్లికి గ్లాసెడు నీళ్లు అందించి ఎరగని మనిషి, తెల్లారగానే దానికి ఫిల్టర్ నీళ్లు పోసి ఆకులు తుడుస్తున్నారు.

మరి బీరువా? దాన్ని ఇంకో జానెడు ముందుకు జరిపించారు! అది కెరీర్ దిశట. బరువు ఎంత ముందుకొస్తే ఉద్యోగం అంత ముందుకట.

మూడోరోజు పొద్దున్నే పెద్దావిడ భుజం బీరువా మూలకు కొట్టుకుంది. తూలి అక్కడే కూలబడింది. ఎక్స్‌రే తీసింది కోడలే. ఎముక విరగలేదు. అయినా కోడలు ఆ ఫిల్మును లైటు ముందు పెట్టి మళ్లీ మళ్లీ చూసింది.

విషయం విని భర్తగారు చాలా బాధపడ్డారు. కప్పను కాస్త తూర్పుకు తిప్పారు.

ఆ మరుసటి వారం నిపుణుడే స్కానింగ్ సెంటర్‌కు వచ్చాడు. ఎవరింట్లోనో గాలిగంటలు కడుతూ స్టూలు మీంచి పడ్డాడట. పక్కటెముకల ఎక్స్‌రే. స్టూలు ఏ దిక్కున వేశాడో మనం అడగకూడదు.

"ఛాతీ పలకకు ఆనించండి. ఊపిరి బిగబట్టండి. కదలకండి."

బిగబట్టాడు. ఆవిడ అద్దం వెనక్కి వెళ్లింది. బటన్ మీద వేలు పెట్టలేదు. మైకులో మెల్లగా అడిగింది. "ఏమండీ, మా నడవలో బీరువా ఉంది చూశారూ, అది అక్కడే ఉండాలంటారా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"అయ్యో, కదిలారు! మళ్లీ బిగబట్టండి. నడవలో లైటు కూడా లేదు. ఉండాలి కదూ?"

మూడో బిగబట్టుకు అతని ముఖం కందగడ్డలా అయింది. నాలుగో దానికి శాస్త్రం మొత్తం ఆవిడ వైపు తిరిగింది. అప్పుడు తీసిన ఎక్స్‌రే బ్రహ్మాండంగా వచ్చింది.

ఆ సాయంత్రమే ఆఫీసరుగారికి ఫోను. రాత్రి భోజనాల వేళకు బీరువా గదిలో ఉంది! నడవలో బల్బు వెలిగింది: అగ్నితత్వం. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ బిగించారు: లోహతత్వం. ఏడాదిగా కారుతున్న కుళాయి నోరు మూసింది: జలతత్వం. ప్రమోషన్ రావాలంటే ఇంటి యజమాని తన కంచం తనే కడుక్కోవాలట. అది ఏ తత్వమో నిపుణుడు చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఇప్పుడు చెప్పండి, ఇది శాస్త్రం కాదా?

మర్నాడు పెద్దావిడ కర్ర టకటకలాడించుకుంటూ నడవ ఈ చివరి నుంచి ఆ చివరకు మూడుసార్లు నడిచింది. ఒకసారి బాత్రూముకు. మిగతా రెండుసార్లూ ఊరికే.

అది చూశాక కోడలికి మనసాగలేదు. వంటింట్లో కంచం తోముకుంటున్న భర్త పక్కన నిలబడి ఉన్నమాట చెప్పేసింది. "ఆ దిక్కులూ, తత్వాలూ అతనివి కావండీ. అవన్నీ నా మాటలే. నేనే చెప్పించాను."

ఆయన కుళాయి కట్టేశారు. ఆవిడ ముఖంలోకి చూశారు. పాపం, నిజంగానే నొచ్చుకున్నారు.

"ఇంత చిన్న పనికి బయటివాడి చేత చెప్పించాలా? ఇన్నేళ్లలో ఒక్కసారి నాతో అని ఉంటే చేసేవాణ్ణి కాదూ!"