టిక్కు పడని పేరు

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు, కాలువల ఆఫీసులో సత్యవేణి లేకుండా పోయింది. తనని పోగొట్టుకున్నది కూడా తనే. గోదావరి డెల్టాలోని ఆ ఆఫీసులో సర్వరు జాబితానీ, పైన క్లౌడు జాబితానీ రోజూ ఒక్కొక్క పేరే సరిచూసి, కింది పేర్లు పైకెక్కేలా సింక్ బటన్ నొక్కడం పదకొండేళ్లుగా ఆవిడ పని. పైజాబితాలో పేరు లేనివాళ్లు అక్కడ లేనట్టే లెక్క. కనిపిస్తారు, వినిపిస్తారు, అంతవరకే.

ఆ రోజే ప్రమోషన్ ఉత్తర్వు వచ్చింది. సంబరం పట్టలేక ‘పర్యవేక్షకులు’ అని కొత్త ఫోల్డరు తెరిచి, తన పేరు అందులోకి మార్చుకుంది. ఫోల్డరుకి టిక్కు పెడితేనే పేరు పైకి వెళ్తుందని ఆఫీసంతటికీ పాఠం చెప్పిన మనిషి, తీరా తన దగ్గరికొచ్చేసరికి టిక్కు మరిచిపోయి నొక్కేసింది.

ఇలాంటివాళ్ల కోసం మెట్ల కింద ఒక గది ఉంది. ఫ్యానుంది, వేళకి టీ వస్తుంది. ముప్ఫై రోజుల్లో పేరు ఎక్కకపోతే మాత్రం కుర్చీ తీసేస్తారు. ఆ తర్వాత ఏమవుతారని ఎవరూ అడగలేదు, అడగాల్సినవాళ్లు ఉండరు గనక.

సత్యవేణి తన సీటు దగ్గరికి పరుగెత్తింది. బటన్ పని అప్పటికే పక్క సీటు బుల్లెబ్బాయికి అప్పగించారు. ఒక్క టిక్కు పెట్టమని బతిమాలింది. అతను చెడ్డవాడేం కాదు, తనకిచ్చిన ఉత్తర్వు తీసి చూపించాడు.

“నొక్కమన్నారండీ. టిక్కు పెట్టమని ఇందులో లేదు మరి.”

ఇరవైతొమ్మిదో రోజున ఇంజనీరు గారి దగ్గరకెళ్లి, టిక్కు కోసం అర్జీ పెట్టుకుంటానంది. ఆయన జాలిపడి కూర్చోమన్నారు. లేని మనిషి అర్జీ తీసుకునే వీల్లేదన్నారు. ప్రమోషన్ వద్దని రాసిస్తే మాత్రం, ముందే టిక్కున్న పాత ఫోల్డర్లో పేరు పడిపోతుందట.

“అదెలా రాస్తానండీ, నేను లేనప్పుడు?”

“వద్దనడానికి మనిషి ఉండక్కర్లేదమ్మా. కావాలనడానికే ఉండాలి.”

రాసిచ్చింది. మూడింటికల్లా ఉంది. సెక్షనంతా వచ్చి పలకరిస్తే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది, కళ్లనీళ్లు కూడా తిరిగాయి. పాత కుర్చీలో కూర్చుని పాత పని మొదలుపెట్టింది.

ఖాళీ అయిన ప్రమోషన్ శుక్రవారం బుల్లెబ్బాయికి వచ్చింది. కాజాల పొట్లం తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టి, నవ్వుతూ అన్నాడు.

“టిక్కు మర్చిపోకండి మేడం.”

సత్యవేణి కాజా కొరుకుతూ అతని ఉత్తర్వు రెండుసార్లు చదివింది. పేరు కొత్త ఫోల్డర్లోకి మార్చమని ఉంది. టిక్కు ఊసు లేదు. రాయని పని చేసి మళ్లీ ఆ గది మొహం చూడాలని ఆవిడకి లేదు. అతని పేరు కొత్త ఫోల్డర్లోకి మార్చి, అటెండర్ని పిలిచి మెట్ల కింద గదిలో ఒక కుర్చీ వేయించి, సరిగ్గా మూడింటికి బటన్ నొక్కింది.