నీలి పిచ్చుకకి అసలు యజమాని

పన్నెండేళ్ళ క్రితం నేనొక డొమైన్ పేరు అమ్మి స్కూటర్ కొన్నాను. నా సర్వనాశనం ఆ స్కూటరెక్కే ఇంటికొచ్చింది.

ఆ రోజు నుంచి నాది ఒకటే పట్టుదల. మా షియామెన్ నగరంలో ఎవడు ఏ వ్యాపారం పెట్టబోతున్నాడో ముందే పసిగట్టి, ఆ వెబ్‌సైటు పేరు వాడికంటే ముందు కొనేయాలి. వాడొచ్చి బతిమాలాలి, నేను ధర చెప్పాలి. అలా మూడు వందల పన్నెండు పేర్లు కొన్నాను. బతిమాలడానికి ఇంతవరకూ ఒక్కడూ రాలేదు. వాటికి ఏటా కట్టాల్సిన రుసుము మాత్రం ఠంచనుగా వస్తుంది.

మా ఆవిడ యాలింగ్ సందు చివర పల్లీల పాయసం అమ్ముతుంది. మా ఇల్లు నడిచేది ఆ కుండ మీదే. పోయిన వేసవిలో ఒక రోజు గరిటె చేత్తో పట్టుకునే వచ్చింది.

“ఏమయ్యా, ఈ పేర్లని ఏం చేస్తావు? వండుకుంటావా, ఉతుక్కుంటావా?”

“ఉంచుకుంటే పెరుగుతాయి.”

“పన్నెండేళ్ళలో పెరిగింది నీ పొట్టొక్కటే. ఇదిగో, నిండు చంద్రుడి పండగ లోపల ఒక్కటంటే ఒక్క పేరు అమ్ము. అమ్మావా, ఇంక నీ పేర్ల జోలికి రాను. లేదా, అన్నీ వదిలేసి నాతో కుండ దగ్గర నిలబడు.”

“రోజూనా?”

“పాయసం వారానికోసారి అమ్ముతున్నానా?”

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పండగ లోపల అమ్మకపోతే నా పేరు కే జిన్‌షుయ్ కాదన్నాను. “ఆ పేరు కూడా ఎవరూ కొనరులే,” అంది.

మర్నాడే అదృష్టం మా బాల్కనీలోకి నడిచొచ్చింది. యాలింగ్ బట్టలు ఆరేస్తూ వాళ్ళక్క యాహుయ్‌తో ఫోన్లో మాట్లాడుతోంది. మా వదిన పల్లీ పాకం మిఠాయిలకి పెద్ద దుకాణం తెరుస్తుందట. పేరు ‘నీలి పిచ్చుక’ అట. ఇంకా బోర్డు కూడా రాయించలేదట.

రెండు నిమిషాల్లో నీలి పిచ్చుక నా బుట్టలో పడింది. అదీ ఎంతకనుకున్నారు? ఒక్క యువాన్‌కి! కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పేరు నలభైకి బదులు ఒక్క యువానే. నేను పాతకాపుని కాబట్టి నాకివ్వరు. అందుకని యాలింగ్ గుర్తింపు కార్డు మీద తీసుకున్నాను. ఆవిడ పల్లీలు కడుగుతుండగా ఆవిడ ఫోన్‌కొచ్చిన ఓటీపీ అంకెలు చూసి కొట్టేశాను. ముప్పై తొమ్మిది యువాన్లు మిగిలాయని ఆ పూట నా తెలివికి నేనే మురిసిపోయాను.

నెల తిరక్కుండా, నమోదులో ఇచ్చిన నా నంబరుకి పేర్ల బేరాల మధ్యవర్తి ఫోన్ చేశాడు. ఎవరో నీలి పిచ్చుక అడుగుతున్నారు, రెండు వేలు ఇస్తారట.

“ఎనభై వేలు,” అన్నాను. సొంత వదిన కదా అని గుండె కొంచెం పీకింది. ఇంకో కప్పు టీ తాగితే సర్దుకుంది.

మూడు వేలన్నారు. కుదరదన్నాను. ఐదు వేలన్నారు. ఫోన్ పెట్టేశాను. పండగ దగ్గర పడేకొద్దీ వాళ్ళు పైకి, నేను కిందికి జరుగుతూ, పండగనాటి ఉదయానికి ఎనిమిది వేల దగ్గర కలిశాం. సాయంత్రం ఆరులోపు పేరు బదిలీ చేయాలి. పాయసం కుండ తప్పింది! ఇంట్లో ఈల వేసుకుంటూ తిరిగాను.

మధ్యాహ్నం వదిన వచ్చింది. పండగ ఆచారం ప్రకారం అందరం బల్ల చుట్టూ చేరి గిన్నెలో పాచికలు వేస్తున్నాం.

“ఎవడో దౌర్భాగ్యుడు మా దుకాణం పేరు పట్టుకుని కూర్చున్నాడు, మరిదీ,” అంది. “ఎనిమిది వేలు గుంజుతున్నాడు. వాడి చేతులు పడిపోను!”

నా చేతిలో పాచికలు గిన్నె దాటి నేల మీద పడ్డాయి. అలా పడితే ఆ వంతు పోయినట్టే. నా మనససలు ఆట మీద ఉంటేగా! బదిలీ నొక్కుదామని ఫోన్ తీసి చూస్తే, ‘యజమాని ముఖం చూపించండి’ అని ఉంది.

యజమాని ఎవరు? యాలింగ్. మూడు వందల పన్నెండు పేర్లున్నవాణ్ణి, ఈ ఒక్కటి ఎవరి కార్డు మీద కొన్నానో మాత్రం మరిచిపోయాను. వంటింట్లోకి పరుగెత్తాను. యాలింగ్ ఆవిరిలో నిలబడి కుండ కలుపుతోంది.

“యాలింగ్, ఒక్కసారి ఇటు చూడు. పండగ ఫోటో.”

“ఈ అవతారంలోనా?”

“నువ్వెప్పుడూ బాగుంటావు. కళ్ళు ఆర్పు.”

“ఫోటోకి కళ్ళు ఆర్పడమేమిటి?”

“కొత్త రకం. ఇప్పుడు నోరు తెరువు.”

“నేను నోరు తెరిస్తే నువ్వు తట్టుకోలేవు,” అంటూనే ఫోన్ లాక్కుంది. తెర మీద ఉన్నది పైకి చదివింది. “యజమాని, జ్వాంగ్ యాలింగ్. పేరు, నీలి పిచ్చుక...”

యాలింగ్ గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

“ఇది నాదా?”

“పేరుకి మాత్రమే...”

“అక్కా!” అని కేకేసింది. “నీ దౌర్భాగ్యుడు దొరికాడు!”

వదిన వచ్చి నన్ను చూసింది. ఆ చూపుకి సిగ్గుతో చచ్చిపోయాను. అక్కాచెల్లెళ్ళిద్దరూ మూల నిలబడి అయిదు నిమిషాలు గుసగుసలాడుకున్నారు. తర్వాత యాలింగ్ కొప్పు సర్దుకుని, ఫోన్ ముందు చక్కగా కళ్ళు ఆర్పింది, నోరు తెరిచింది, కుడికీ ఎడమకీ తిరిగింది. బదిలీ అయిపోయింది.

“డబ్బు?” అన్నాను.

“అక్క దగ్గర డబ్బు తీసుకుంటానా? తన దుకాణంలో వీధి వైపు మూల నాకిచ్చింది, అద్దె లేకుండా. అక్కడ రెండో కుండ పెడుతున్నాను.”

“పోనీలే, ఒక పేరైతే పోయిందిగా! మాట ప్రకారం నా పేర్లు నాకే...”

“పోయింది నా పేరు. ఇచ్చింది నేను. నీవి మూడు వందల పన్నెండూ అలాగే ఉన్నాయి, లెక్కపెట్టుకో.”

మధ్యవర్తికి సంగతి చెప్పి లెంపలు వేసుకున్నాను. పన్నెండేళ్ళలో చేసిన ఒకే ఒక్క బేరం, అదీ మా ఆవిడ ఖాతాలోకే వెళ్ళింది. ఇప్పుడు రోజూ రెండో కుండ దగ్గర నిలబడేది నేనే, నా పేర్లు ఒక్కొక్కటే గడువు తీరి రాలిపోతున్నాయి. నిన్న నాతో కూర్చుని టీ తాగే మిత్రులు దుకాణానికొచ్చారు. నన్ను చూడ్డానికే కాబోలనుకుని గరిటె పక్కన పెట్టాను.

“నువ్వు కలుపుతూ ఉండు,” అన్నారు. “ఏ పేరు కొంటే మంచిదో యాలింగ్ గారిని అడుగుదామని వచ్చాం.”